రంగుల కొండలు, రాతి పొరలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

చైనా ఇంద్రధనుస్సు కొండల ఫొటోలు ఫోన్లలో తిరగడం మొదలయ్యాక ఈ శీర్షికకు రాళ్ళ మీద ఉత్తరాలు ఎక్కువయ్యాయి. కొన్ని అక్కడికి ఎలా వెళ్ళాలని అడిగాయి, ఎక్కువ భాగం మన చుట్టుపక్కల చూడదగ్గవి ఏమున్నాయని అడిగాయి. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: చైనాలో రంగుల కొండలని ఎరుపు, పసుపు, నీలం చారలతో ఫొటోలు వస్తా ఉన్నాయి. నిజంగా అట్లా ఉంటాయా? వేసవిలో నేనూ మా ఆవిడా పోవాలనుకుంటున్నాం. ఏం చూసుకోవాలి? (తిరుపతి)

కొండలు నిజమే. నీలం మాత్రం ఫోన్లో వేసిందే. అక్కడ ఉండేవి ఇటుక ఎరుపు, గోధుమ, పసుపు, బూడిద, తెలుపు, అక్కడక్కడా పాలిపోయిన ఆకుపచ్చ. ఫొటోలో చూసినంత గాఢంగా ఉంటుందని ఆశపడి మిట్టమధ్యాహ్నం దిగినవాళ్ళు ఉసూరుమంటూ వస్తారు. అదే చోటు సాయంత్రం ఏటవాలు ఎండలోనో, వాన వెలిసిన గంటకో చూస్తే మాట మారుతుంది. తడిసిన రాయి మీద వెలుతురు చెల్లాచెదురు కావడం తగ్గుతుంది, అందుకే రంగు ముదురుగా కనిపిస్తుంది.

ఊరి పేరు ఝాంగ్యే, గాన్సు రాష్ట్రం. కొండలు ఊరికి ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. 10 కోట్ల ఏళ్ళ కిందట, ఇంకా ముందు నుంచి పరుచుకుంటూ వచ్చిన ఇసుక, ఒండ్రు పొరలవి. పొరలో ఇనుము ఏ రూపంలో ఉందన్నదాన్ని బట్టి రంగు. హెమటైట్ ఉంటే ఎరుపు, గోథైట్ ఉంటే పసుపు. మన దేశాన్ని మోస్తున్న భూఫలకం ఉత్తరానికి జరిగి ఆసియాను ఒత్తిన ఒత్తిడి అక్కడిదాకా పాకి ఆ పొరలను వంచి ఏటవాలుగా నిలబెట్టింది. నిలబడ్డ పొరల అంచులే మనకు చారలుగా కనిపిస్తాయి. 2020లో దీన్ని యునెస్కో గ్లోబల్ జియోపార్కుగా గుర్తించారు. 2010లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన 'చైనా డాన్‌షియా' (డాన్‌షియా అంటే ఎర్రటి ఇసుకరాతి కొండలు) వేరు. అది దక్షిణ చైనాలో ఆరు చోట్ల ఉన్న కొండలను కలిపి పెట్టిన పేరు, అందులో ఝాంగ్యే లేదు. ట్రావెల్ ఏజెంట్ల కరపత్రాల్లో రెండూ కలిపేస్తుంటారు, టికెట్టు కొనేముందు ఊరి పేరు చూసుకోండి.

తిరుపతి నుంచి అయితే చెన్నైలో విమానం ఎక్కి, మధ్యలో ఒకచోట మారి, లాంజౌ చేరడం తేలికైన దారి. అక్కడి నుంచి హైస్పీడ్ రైల్లో ఝాంగ్యే వెస్ట్ స్టేషనుకు మూడు గంటలకు కాస్త అటూఇటూ పడుతుంది. రైలు టికెట్టు పాస్‌పోర్టు నంబరు మీదే ఉంటుంది కాబట్టి పాస్‌పోర్టును పెట్టె అడుగున పెట్టకండి. రానుపోను కలిపి వారం పెట్టుకుంటే తొందర ఉండదు. కొండలకు ఒక సాయంత్రం, మబ్బు పడితే ఇంకో సాయంత్రం చేతిలో ఉండాలి. ఒక్కరోజే పెట్టుకుని వెళ్ళి మబ్బులో ఇరుక్కోవడం ఈ ప్రయాణంలో అందరికీ తగిలే దెబ్బ.

వేళ విషయంలో ఒక మెలిక ఉంది. చైనా అంతటికీ బీజింగ్ టైమే. ఝాంగ్యే బాగా పడమరన ఉండటంతో అక్కడ జూన్, జూలైలలో గడియారం రాత్రి ఎనిమిదిన్నర దాటాకే పొద్దు గూకుతుంది. మన అలవాటు కొద్దీ నాలుగింటికి లోపలికెళ్ళి ఆరింటికి బయటికొస్తే అసలైన వెలుతురు చూడకుండా వచ్చినట్టే. ఆరు తర్వాత లోపలికి వెళ్ళి, చివరి బస్సు ఎన్నింటికో గేటు దగ్గరే అడిగి పెట్టుకోండి. లోపల సొంత వాహనాలు తిప్పనివ్వరు. పార్కు బస్సులు ఒక్కో వ్యూ పాయింటు దగ్గర దించుతాయి, అక్కడి నుంచి చెక్కబాట. మూడు నాలుగు గంటలు చాలు. చెక్కబాట దిగి రాయి మీద కాలు పెట్టకూడదు. అది చూడ్డానికి రాయే గానీ పైపొర మెత్తన, అడుగు పడితే ఏళ్ళ తరబడి చెరగదు.

టాక్సీవాడికి 'ఏడు రంగుల డాన్‌షియా' అని చైనా లిపిలో రాసి ఉన్న కాగితం చూపించండి. దగ్గర్లోనే బింగ్‌గౌ డాన్‌షియా అని ఇంకోటి ఉంది. అక్కడ రాతి స్తంభాలు బాగుంటాయి, ఈ రంగులు మాత్రం ఉండవు. అక్కడ దిగి ఇదేనా అనుకున్నవాళ్ళున్నారు.

మిగతావి: ఎత్తు రెండువేల మీటర్ల లోపే, ఊపిరికి ఇబ్బంది ఉండదు. (పెరూలోని వినికుంక రంగుల కొండ 5,000 మీటర్ల ఎత్తున ఉంటుంది, దాని సంగతి వేరు.) చైనా సిమ్ములో గూగుల్ మ్యాపు, వాట్సాప్ పనిచేయవు, మన సిమ్ముకే ఇంటర్నేషనల్ రోమింగ్ వేయించుకుంటే సాధారణంగా పనిచేస్తాయి. నోట్లు తీసుకునే చోట్లు తక్కువ, బయల్దేరక ముందే అలీపే అనే చైనా పేమెంటు యాప్‌లో మీ కార్డు కలిపి పెట్టుకోండి. శాకాహారులైతే పులిహోర పొడి, అటుకులు, ఊరగాయ పెట్టెలో పెట్టుకోవడం మేలు. ఆ ప్రాంతంలో నూడుల్స్ పులుసంటేనే గొడ్డుమాంసంతో కాచింది.

ప్రశ్న: అంత దూరం పోలేం. మన కొండ మీద కూడా పొరలు పొరలుగా రాళ్ళున్నాయి కదా, వాటికేమైనా ప్రత్యేకత ఉందా? (రేణిగుంట)

ఉంది. రంగుల సంగతి పక్కనపెడితే, వయసులో ఝాంగ్యే మన తిరుమల కొండ ముందు నిలవదు.

తిరుమల ఘాట్ రోడ్డు అంచున కొండను కోసిన చోట్ల రెండు రకాల రాళ్ళు ఒకదాని మీద ఒకటి కూర్చున్న గీత కనిపిస్తుంది. కింద గ్రానైటు, దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటిది. పైన నగరి క్వార్ట్‌జైటు, అంటే ఒకప్పటి సముద్రతీరపు ఇసుక గట్టిపడి ఏర్పడిన రాయి, 160 కోట్ల ఏళ్ళకు పైబడినది. రెంటి మధ్య తేడా తక్కువలో తక్కువ 50 కోట్ల ఏళ్ళు. అన్నేళ్ళపాటు ఇక్కడి గ్రానైటు నేల ఎండకూ వానకూ అరుగుతూ పోయింది, ఆ అరిగిన నేల మీదికి నీళ్ళొచ్చి ఇసుక పరిచాయి. ఈ గీతను ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించింది. 2025లో తిరుమల కొండలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా చేరాయి. కడప, కర్నూలు రాళ్ళ వరసను విలియం కింగ్ అనే సర్వే అధికారి 1872లోనే గ్రంథస్థం చేశాడు. ఆ వరసలోని రాయే మన కొండకు గోడగా నిలబడింది.

ఝాంగ్యేలో పొరలు వంగి నిలబడ్డాయి. ఇక్కడ అట్టల మీద అట్టలు పేర్చినట్టు దాదాపు చదునుగా పడుకుని ఉన్నాయి. అందుకే మన కొండ అంచు చెక్కిన గోడలా కనిపిస్తుంది.

ప్రశ్న: ఆ గీతను గుర్తుపట్టేదెట్లా? బస్సులో ఏ పక్క కూర్చోవాలి? (శ్రీకాళహస్తి)

బస్సులో ఫలానా పక్క అని చెప్పలేం. ప్రతి మలుపుకూ కొండ ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు వస్తుంది. కిటికీ సీటు దొరికితే అదే చాలు. ఎక్కేది 1974లో వేసిన రెండో ఘాట్, దిగేది 1944 నాటి మొదటి ఘాట్. దిగేటప్పుడు బండి నెమ్మదిగా వస్తుంది కాబట్టి రాయి చూడ్డానికి అదే మంచిది.

గుర్తుపట్టడానికి మూడు ఆనవాళ్ళు చాలు. గ్రానైటులో పొరలుండవు. దగ్గరికెళితే గులాబీ, బూడిద, నలుపు చుక్కలు కలిసి ఉంటాయి, అరిగితే గుండ్రటి బండలవుతుంది. క్వార్ట్‌జైటు ఒకే రంగు రేణువులతో, పగిలితే పలకలుగా, పదునైన అంచులతో ఉంటుంది, అడ్డంగా పొరల గీతలు, నిలువుగా పగుళ్ళు. రెండూ కలిసే చోట చూడండి: గ్రానైటు పైభాగం తరచూ పొడిపొడిగా చివికి ఉంటుంది, దాని మీద చాలాచోట్ల తెల్లటి పలుగురాళ్ళు గుచ్చినట్టున్న మోటు ఇసుకరాయి పొర, దానిపైన సన్నటి పొరలు మొదలవుతాయి. ఆ పలుగురాళ్ళు కింది పాత నేల నుంచి ఊడి వచ్చినవే. పొరల మీది ముఖం బయటపడ్డ చోట ఏటి ఇసుకలో కనిపించే అలల గీతలు రాయిగా మారి ఉంటాయి, అరచేతి వెడల్పులో నాలుగైదు గీతలు. పొద్దుటి ఏటవాలు ఎండలోనే అవి బాగా తెలుస్తాయి. మధ్యాహ్నం పక్క నుంచి నడిచి వెళ్ళినా కనిపించవు.

ఘాట్ రోడ్డు మీద కారు ఆపకండి. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాల కంటే ముందే వస్తే జరిమానా అన్న నిబంధన ఉండటంతో తొందరగా వచ్చినవాళ్ళు టైము గడవడానికి మలుపుల దగ్గర ఆపుతుంటారు. వెనక వచ్చే బస్సుకు ఆ మలుపులో మీరు కనపడరు. దానికి బదులు మొదటి నుంచీ మెల్లగా నడపండి.

నిదానంగా చూడాలంటే నడకదారే. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. అలిపిరి దగ్గర మొదలుపెట్టి గాలిగోపురం దాకా ఏటవాలు ఎక్కువ. కింద గుండ్రటి బండలు ఎక్కడ తగ్గి పలకల రాళ్ళు ఎక్కడ మొదలవుతున్నాయో చూసుకుంటూ ఎక్కండి. మెట్ల రాయిని చూసి పొరపడొద్దు, అది తెచ్చి పరిచింది. దారి పక్కనున్న సహజమైన బండనే చూడాలి. చిరుతల సంచారం వల్ల సాయంత్రం వేళల్లో పిల్లల మీద ఆంక్షలు పెడుతుంటారు, బయల్దేరే రోజు కనుక్కోండి. మెట్ల దారి వదిలి అడవిలోకి అడుగు పెట్టకూడదు.

నడవలేనివాళ్ళు బాధపడక్కర్లేదు. కపిలతీర్థం రోడ్డు నుంచో, అలిపిరి నుంచో ఒక మామూలు బైనాక్యులర్‌తో కొండ అంచును చూడండి. నిటారు గోడ ఎక్కడ అయిపోయి చెట్లున్న వాలు మొదలవుతుందో, ఆ మార్పు దగ్గర్లోనే రెండు రాళ్ళూ కలుస్తాయి.

ప్రశ్న: తిరుమల శిలాతోరణం లాంటివి ప్రపంచంలో మూడే ఉన్నాయంటారు, నిజమేనా? (చిత్తూరు)

కాదు. గైడులు చెప్పే ఈ మాట ఎక్కడ పుట్టిందో గానీ పాతుకుపోయింది. అమెరికాలో ఉటా రాష్ట్రంలోని ఆర్చెస్ నేషనల్ పార్కు ఒక్కదానిలోనే రెండు వేలకు పైగా సహజ తోరణాలున్నాయి. లెక్క తగ్గినంత మాత్రాన మన తోరణం విలువ తగ్గదు. అక్కడివి చాలావరకు మెత్తటి ఇసుకరాతివి. గట్టి క్వార్ట్‌జైటులో ఇంత సన్నటి వంతెన మిగలడం అరుదు. అదీ జాతీయ భూవిజ్ఞాన స్మారకమే.

వెడల్పు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. గుడికి ఉత్తరంగా కిలోమీటరు దూరంలో, చక్రతీర్థం పక్కన. బలహీనంగా ఉన్న కింది పొరలు గాలికీ నీటికీ కొట్టుకుపోయి, గట్టి పైపొర అలాగే నిలిచిపోయింది. స్వామివారితో దాన్ని ముడిపెట్టే నమ్మకాలు భక్తులకు తెలిసినవే. ఆ భక్తికీ ఈ రాతి లెక్కకూ పోటీ ఏమీ లేదు.

చూడాల్సింది వంతెనే కాదు. రెండు పక్కలా నిలిచిన బండల్లో పొరల మందం చూడండి, కొన్ని బొటనవేలంత, కొన్ని జానెడు. పలచటి పొరలున్న చోటే కోత ఎక్కువ. పావుగంట చాలు, కంచె దాటొద్దు. అక్కడి నుంచి శ్రీవారి పాదాలు, ఆకాశగంగ, పాపవినాశనం కూడా చూసుకోవచ్చు, అటు బస్సులు తిరుగుతుంటాయి.

ప్రశ్న: వానాకాలంలో ఘాట్ రోడ్డు మీద బండలు పడేది ఎందుకు? అంత గట్టి రాయి కదా? (చంద్రగిరి)

గట్టి రాయి కాబట్టే అంత పెద్ద ముక్కలుగా పడుతుంది. క్వార్ట్‌జైటు అరగదు, పగుళ్ళ వెంట విడిపోతుంది. నిలువు పగుళ్ళలోకి నీరు దిగుతుంది, చెట్ల వేర్లు వాటిని వెడల్పు చేస్తాయి. గట్టి పొరల మధ్య అక్కడక్కడా ఉండే మెత్తటి బంకరాతి పొర వానకు నాని జారిపోతుంది. కింద ఆధారం పోయిన బండ గాలిలో వేలాడుతూ ఒకరోజు ఊడుతుంది. 2021 నవంబరులో కుండపోత వానలు పడ్డాయి. ఆ తర్వాత డిసెంబరు 1న రెండో ఘాట్ మీద పెద్ద బండరాళ్ళు పడి రోడ్డు దెబ్బతింది. వాన పడుతున్నప్పుడే కాదు, తెరిపిచ్చిన మర్నాడు, ఆ పైరోజు కూడా ప్రమాదం ఉంటుంది. పగుళ్ళలోకి దిగిన నీరు మెల్లగా పని చేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా భారీ వాన తర్వాత రెండు రోజులు ఆగి బయల్దేరడం మంచిది.

ప్రశ్న: మా ఫోన్లో కొండ ఫొటో తీస్తే తెల్లగా పాలిపోయినట్టు వస్తుంది. (తిరుచానూరు)

తప్పు ఫోనుది కాదు, వేళది. తిరుపతి వైపు కొండ గోడ దక్షిణానికి తిరిగి ఉంటుంది. ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, గోడ సొంత నీడలో పడుతుంది, పైగా వేసవి మసక. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సూర్యుడు దక్షిణంగా వాలి ఉంటాడు, రోజంతా గోడ మీద వెలుతురు పడుతుంది. పొద్దు పొడిచాక గంట, పొద్దు గూకే ముందు గంట రాయి గులాబీ నుంచి నారింజకు తిరుగుతుంది. వాన కడిగిన మర్నాడు మసక ఉండదు.

ఫోన్లో వైట్ బ్యాలెన్స్‌ను ఆటో నుంచి డేలైట్‌కు మార్చండి. ఆటోలో ఉంటే ఎరుపును తప్పు అనుకుని ఫోనే సరిచేసేస్తుంది. వెలుతురు స్థాయి అర మెట్టు తగ్గించండి. జూమ్ లాగే బదులు దగ్గరికి వెళ్ళండి. నల్లటి నిలువు చారలు కనిపిస్తే మరకలని చెరిపేయకండి, నీరు కారే దారుల్లో పెరిగిన నాచు అది. బూడిద, ఆకుపచ్చ మచ్చలు చాలావరకు రాతి మీద బతికే లైకెన్లు. అసలు రాతి రంగు కొత్తగా పగిలిన ముఖం మీదే తెలుస్తుంది. తిరుమలలో డ్రోన్ ఎగరేయడం నిషేధం, ఎవరో ఎగరేశారు కదా అని మీరు తీసుకెళ్ళకండి.

ప్రశ్న: పిల్లల స్కూలు ప్రాజెక్టుకు కొండ మీది రెండు రాళ్ళు తెచ్చుకోవచ్చా? (పుత్తూరు)

వద్దు. శేషాచలం అడవి 1989 నుంచి శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం, 2010 నుంచి జీవావరణ రిజర్వు. గులకరాయి కూడా తేకూడదు. పుత్తూరులో ఉండి కొండకు వెళ్ళే అవసరం కూడా లేదు. మీ నగరి కొండల రాయీ అదే. ఊళ్ళో ఇల్లు కట్టే చోట పునాదికి తోలిన రాయిలో పొరలున్న పలక ఒకటి, చుక్కల గ్రానైటు ముక్క ఒకటి అడిగి తీసుకోండి. పక్కపక్కన పెట్టి, మీద నీళ్ళు చల్లి, భూతద్దంతో చూపించండి. మేకుతో గీకిస్తే క్వార్ట్‌జైటు మీద గీత పడదు, ఇనుమే అరిగి బూడిద చార మిగులుతుంది. పిల్లలకు ఆ ప్రయోగం బాగా పడుతుంది.

ప్రశ్న: గండికోట ఒక్కరోజులో చూసి రావచ్చా? అమ్మానాన్నలు, పిల్లలతో పోతాం. (పీలేరు)

రావచ్చు గానీ రాకండి. తిరుపతి వైపు నుంచి కడప, జమ్మలమడుగు మీదుగా 220 కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. మీకు ఇంకాస్త తగ్గుతుంది. మధ్యాహ్నానికి చేరి, ఎండలో చూసి, రాత్రికి తిరిగొస్తే ఎర్రటి పొరల మీద వెలుతురు పడే రెండు వేళలూ మీకు దక్కవు. ఒక రాత్రి పర్యాటక శాఖ హరిత హోటల్లోనో, జమ్మలమడుగులోనో ఉండి, పొద్దు పొడవక ముందే అంచు దగ్గరికి చేరండి.

పెన్నా నది ఎర్రమల కొండను సుమారు 300 అడుగుల లోతున కోసిన చోటది. పొరలు తిరుమలలో లాగే చదునుగా ఉన్నాయి, ఇనుము ఎక్కువ కావడంతో ఎరుపు కొట్టొచ్చినట్టు ఉంటుంది. జామా మసీదు, ధాన్యాగారం చుట్టూ పెద్దవాళ్ళు తేలిగ్గా తిరగగలరు. లోయ అంచుకు చేరాలంటే మాత్రం ఎగుడుదిగుడు బండలు దాటాలి, వాళ్ళను అక్కడిదాకా తీసుకెళ్ళకండి. చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు. అంచున ఉన్న బండ కదలకుండా కనిపించినా వెనక పగులు ఉందేమో చూడండి, వేలు పట్టేంత సందు కనిపిస్తే ఆ బండ మీద కూర్చోవద్దు. పిల్లల చేయి వదలకండి, సెల్ఫీ కోసం వెనక్కి నడవకండి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, మార్చి దాటితే మూడు. బూట్లు వేసుకోండి, చెప్పులకు పలకరాళ్ళ మీద పట్టుండదు.

ప్రశ్న: తలకోన ఎప్పుడు బాగుంటుంది? (భాకరాపేట)

అక్టోబరు నుంచి జనవరి దాకా. 270 అడుగుల ఎత్తు నుంచి నీరు పడేది ఈ క్వార్ట్‌జైటు మెట్టు మీది నుంచే. మీకు దగ్గరే కాబట్టి సెలవు రోజు కాకుండా మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి. జలపాతం కింద నిలబడి పైకి చూస్తే పొరల అంచులు ఒకదాని కింద ఒకటి మెట్లు మెట్లుగా బయటికి వచ్చి ఉంటాయి. నాచు పట్టిన పలక మీద మాత్రం కాలు పెట్టొద్దు, పైన వాన పడుతుంటే నీళ్ళలోకి దిగొద్దు.